స్ట్రింగు (కంప్యూటర్ ప్రోగ్రామింగ్)

కంప్యూటర్ ప్రోగ్రామింగులో స్ట్రింగు అనగా ఒకదాని తరువాత ఒకటిగా వరుసలో పేర్చబడిన సంకేతాల సముదాయం. పేర్లు, చిరునామాలు, వాక్యాలు, సంకేతపదాలు, వెబ్‌సైటు చిరునామాలు మొదలైనవన్నీ ప్రోగ్రాములలో స్ట్రింగుల రూపంలోనే నిల్వ ఉంటాయి. పాఠ్యపుస్తకాలలో దీనిని సాధారణంగా "అక్షరాల వరుస" అని నిర్వచిస్తారు. ఇంగ్లీషు వరకు ఈ నిర్వచనంతో పెద్దగా చిక్కు లేదు. తెలుగుకు వచ్చేసరికి మాత్రం ఇది సరిపోదు. కంప్యూటరు ఎరిగిన "క్యారెక్టరు", తెలుగువారు పలికే, వ్రాసే అక్షరం ఒకటి కావు. ఈ తేడాను గుర్తించని ప్రోగ్రాములు తెలుగు పేర్లను మధ్యలో తెగ్గొడతాయి, ఉన్న పేరును వెదికినా లేదంటాయి, "వికటకవి" అన్న మాటను తిరగవేసి చదివితే అది వికటకవి కాదంటాయి.

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం మండలం ఇంజనీరింగు కళాశాలలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఒకటి. హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ వెళ్ళే రహదారి వెంట శేరిగూడ, మంగల్‌పల్లి పరిసరాలలో ఇవి కనిపిస్తాయి. ఇటువంటి కళాశాలలలో ప్రోగ్రామింగు నేర్చుకొనే విద్యార్థులకు తొలినాళ్ళలో ఇచ్చే అభ్యాసాలలో స్ట్రింగు పొడవును లెక్కించడం, దానిని తిరగవేయడం, అది ఎటు చదివినా ఒకేలా ఉంటుందో లేదో పరీక్షించడం ముఖ్యమైనవి. అభ్యాసాలకు తీసుకొనే మాటలు దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషువే. ఆ ఊరి పేరునే తెలుగు లిపిలో ఇచ్చి అవే ప్రోగ్రాములను నడిపితే ఏమవుతుందో చూడటం స్ట్రింగు అన్న భావనను అర్థం చేసుకోవడానికి మంచి మార్గం.

పేరు

స్ట్రింగు అన్న ఇంగ్లీషు మాటకు దారం, తీగ అని అర్థం. దారానికి గుచ్చిన పూసలవలె సంకేతాలు వరుసలో ఉంటాయి గనుక ఈ పేరు సరిపోయింది. గణిత తర్కశాస్త్రంలో గుర్తుల వరుసను ఈ మాటతో సూచించేవారు. 1960లో వెలువడిన ఆల్గాల్ 60 భాష నివేదికలో ఇది పారిభాషిక పదంగా కనిపిస్తుంది. 1962లో బెల్ ప్రయోగశాలలో రూపొందిన స్నోబాల్ అనే భాషను ప్రధానంగా స్ట్రింగులతో పని చేయడానికే తయారుచేశారు.

తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. "అక్షరమాల" అంటే వర్ణమాల అనే అర్థం ముందుగా స్ఫురిస్తుంది. "పదబంధం" అన్నా పూర్తిగా నప్పదు, ఎందుకంటే స్ట్రింగులో పదమే ఉండనవసరం లేదు, ఒక ఖాళీ జాగా మాత్రమే ఉన్నా అది స్ట్రింగే, ఏమీ లేకపోయినా స్ట్రింగే. దానిని శూన్య స్ట్రింగు అంటారు. అందుచేత స్ట్రింగు అనే మాటనే వాడుకోవడం మేలు.

సాఫ్ట్‌వేరును స్థానిక భాషలలోకి తెచ్చేవారి వాడుకలో ఈ మాటకు మరో అర్థం కూడా ఉన్నది. తెరపై వినియోగదారుకు కనిపించే "భద్రపరచు", "వెతుకు" వంటి ప్రతి సందేశాన్నీ వారు స్ట్రింగు అంటారు. ఇన్ని స్ట్రింగులు అనువదించాము అని లెక్క చెప్పుకోవడం ఈ అర్థంలోనే.

నిల్వ ఉండే తీరు

ప్రోగ్రాములో స్ట్రింగును కొటేషన్ గుర్తుల మధ్య వ్రాస్తారు. అంకెలు ఉన్నా సరే, ఆ గుర్తుల మధ్య ఉంటే అది సంఖ్య కాదు, స్ట్రింగు. జావా, పైథాన్ వంటి భాషలలో 25కు 7 కలిపితే 32 వస్తుంది. "25"కు "7" కలిపితే "257" వస్తుంది. హైదరాబాదు ఎస్టీడీ కోడు 040ని సంఖ్యగా నిల్వ చేస్తే ముందున్న సున్న పోయి 40 మిగులుతుంది. కాబట్టి కూడికలు, తీసివేతలు చేయనవసరం లేని ఫోను నంబర్లు, హాల్ టికెట్ నంబర్ల వంటి వాటిని స్ట్రింగులుగా ఉంచడమే మంచి పద్ధతి.

1970ల తొలినాళ్ళలో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాషలో స్ట్రింగు అనేది బైట్ల వరుస. వరుస ఎక్కడ ముగిసిందో తెలియడానికి చివర విలువ సున్న గల ఒక బైటును ఉంచుతారు. కనుక ఐదు ఇంగ్లీషు అక్షరాల మాటకు ఆరు బైట్ల చోటు కావాలి. ఈ ఒక్క బైటును మరచిపోవడం వలన పుట్టే దోషాలు సీ నేర్చుకొనే ప్రతివారికీ పరిచయమే. జావా, పైథాన్ భాషలలో ఈ బెడద లేదు. అక్కడ స్ట్రింగు తన పొడవును తానే గుర్తుంచుకుంటుంది. పైగా ఒకసారి తయారైన స్ట్రింగును మార్చడం కుదరదు. మార్చినట్లు కనిపించినప్పుడు నిజానికి మరొక కొత్త స్ట్రింగు తయారవుతుంది.

అక్షరం, సంకేతం, బైటు

కంప్యూటరుకు సంఖ్యలు తప్ప అక్షరాలు తెలియవు. ఏ గుర్తుకు ఏ సంఖ్య అన్నది ముందుగా నిర్ణయించుకోవాలి. ప్రపంచ లిపులన్నింటికీ ఇలా సంఖ్యలను కేటాయించే ప్రమాణమే యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ సంచికలోనే తెలుగు ఉన్నది. భారతీయ లిపులకోసం 1988లో తయారైన ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి ఆ కేటాయింపు జరిగింది. తెలుగుకు దక్కినవి 3072 నుండి 3199 వరకు గల 128 స్థానాలు.

తెలుగు గుణింతాలను, వత్తులను లెక్కవేస్తే వ్రాతలో వచ్చే రూపాలు వేలలో ఉంటాయి. అవన్నీ 128 స్థానాలలో పట్టవు. అందువలన అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, సున్నకు, పొల్లుకు వేరు వేరు సంకేతాలు ఇచ్చారు. మిగిలిన రూపాలు వీటి కలయికతో ఏర్పడతాయి. తలకట్టు మాత్రం హల్లులోనే చేరి ఉంటుంది. వత్తులకు ప్రత్యేక సంకేతాలు లేవు. హల్లు, పొల్లు, మరో హల్లు వరుసగా వస్తే రెండవ హల్లును వత్తుగా చూపించడం ఫాంటు చేసే పని.

ఇప్పుడు "ఇబ్రహీంపట్నం" అన్న పేరును చూడవచ్చు. పలకమంటే ఏ తెలుగువారైనా ఇ, బ్ర, హీం, ప, ట్నం అని ఐదు అక్షరాలుగా పలుకుతారు. స్ట్రింగులో ఉన్న సంకేతాలు మాత్రం ఇవి: ఇ (3079), బ (3116), పొల్లు (3149), ర (3120), హ (3129), గుడిదీర్ఘం (3136), సున్న (3074), ప (3114), ట (3103), పొల్లు (3149), న (3112), సున్న (3074). మొత్తం 12.

ఈ సంఖ్యలను ఫైలులో వ్రాసే పద్ధతులు మళ్ళీ వేరు. ప్రస్తుతం వెబ్‌లో అత్యధికంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఉదాహరణకు "ఇ" అనేది 224, 176, 135 అనే మూడు బైట్లుగా నిల్వ ఉంటుంది. ఆ లెక్కన ఇబ్రహీంపట్నానికి 36 బైట్లు కావాలి. యూటీఎఫ్-16 పద్ధతిలోనైతే సంకేతానికి రెండు చొప్పున 24 బైట్లు చాలు.

యూనికోడ్ వాడుకలోకి రాకముందు పరిస్థితి ఇంతకన్నా చిక్కుగా ఉండేది. 1990లలోను, 2000లలో కొంతకాలమూ ఈనాడు వంటి పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లను వాడేవి. స్ట్రింగులో ఉండేవి ఇంగ్లీషు తదితర గుర్తుల సంకేతాలే. వాటికి తెలుగు ముక్కల బొమ్మలను అతికించిన ఫాంటు కంప్యూటరులో ఉంటే తెలుగు కనిపించేది, లేకుంటే అర్థం లేని గుర్తులు కనిపించేవి. చూడటానికి తెలుగే అయినా వెదకడానికి తెలుగు కాదు. అటువంటి పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చడానికి వెన్న నాగార్జున తయారుచేసిన "పద్మ" అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత అప్పట్లో ఎంతో ఉపయోగపడింది.

పొడవు ఎంత?

"ఈ స్ట్రింగు పొడవు ఎంత" అన్న చిన్న ప్రశ్నకు ఒక్కో భాష ఒక్కో జవాబు చెప్పడానికి కారణం ఇదే. యూటీఎఫ్-8లో ఉన్న ఇబ్రహీంపట్నాన్ని సీ భాషలోని పొడవు ప్రమేయానికి ఇస్తే 36 అంటుంది, ఎందుకంటే అది బైట్లను లెక్కిస్తుంది. 2008లో విడుదలైన పైథాన్ 3 సంకేతాలను లెక్కించి 12 అంటుంది. జావా 16 బిట్ల ముక్కలను లెక్కిస్తుంది. తెలుగు సంకేతాలన్నీ ఒక్కో ముక్కలో ఇమిడిపోతాయి గనుక అక్కడా 12 వస్తుంది, అయితే చాలా ఎమోజీలకు ఒక్కొక్కదానికి రెండు ముక్కలు పడతాయి. 2014లో వచ్చిన స్విఫ్ట్ భాష వీటికి భిన్నంగా, చదువరికి ఒక్కటిగా కనిపించే సంకేతాల గుంపును ఒకటిగా లెక్కిస్తుంది.

ఈ జవాబులలో ఏదీ తప్పు కాదు. అడిగే అవసరాన్ని బట్టి సరైనది మారుతుంది. ఇబ్రహీంపట్నం అనే పేరును సీ భాషలో దాచుకోవడానికి 36 బైట్లకు చివరి సున్న బైటును కలిపి 37 బైట్ల చోటు కావాలి. ఐదే అక్షరాలు కదా అని ఆరు బైట్లు కేటాయించిన ప్రోగ్రాము పక్కనున్న జ్ఞాపకస్థలాన్ని చెరిపివేస్తుంది. తెలుగు మాటలతో బంతాట కట్టే ఆటకో, ఛందస్సు లెక్కకో అయితే 36, 12 రెండూ పనికిరావు. అక్కడ కావలసినది 5.

మొబైల్ ఫోను సంక్షిప్త సందేశాలలోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఒక సందేశానికి 140 బైట్ల పరిమితి ఉన్నది. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు గనుక 160 అక్షరాలు పడతాయి. తెలుగులో పంపితే సంకేతానికి 16 బిట్ల చొప్పున 70 సంకేతాలు మాత్రమే పడతాయి. ఒక్క ఇబ్రహీంపట్నానికే వాటిలో 12 ఖర్చవుతాయి.

వికటకవి పరీక్ష

ఎటునుండి చదివినా ఒకేలా ఉండే మాట అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది వికటకవి. తెనాలి రామకృష్ణుని బిరుదుగా ప్రసిద్ధమైన ఈ మాటను వి, క, ట, క, వి అని ఎటు చదివినా ఒకటే. స్ట్రింగును తిరగవేసి, మొదటిదానితో సరిపోల్చే ప్రోగ్రాముకు దీనిని ఇస్తే "సరిపోలేదు" అన్న జవాబు వస్తుంది.

స్ట్రింగులో ఉన్నవి వ, గుడి, క, ట, క, వ, గుడి అనే ఏడు సంకేతాలు. వాటిని తిరగవేస్తే గుడి, వ, క, ట, క, గుడి, వ అవుతుంది. మొదట వచ్చిన గుడికి ఆధారమైన హల్లు లేదు. చాలా ఫాంట్లలో అది చుక్కల వలయం మీద నిలబడి కనిపిస్తుంది. రెండవ గుడి "వ"ను వదలి "క"ను పట్టుకొని "కి" అయి కూర్చుంటుంది. అదే "జలజ", "నటన" వంటి మాటలకు గుర్తులేవీ లేవు కాబట్టి ప్రోగ్రాము సరిగానే జవాబిస్తుంది. "నందనం" ఇస్తే మళ్ళీ తప్పుతుంది, ఎందుకంటే తిరగవేసిన వరుస సున్నతో మొదలవుతుంది. కొన్నింటికి సరైన జవాబు రావడం వలన దోషం వెంటనే బయటపడదు. రెండు మూడు మాటలతో పరీక్షించి ఊరుకొన్న విద్యార్థి ప్రోగ్రాము సరిగా ఉన్నదనే అనుకుంటాడు.

"రామ" అన్న మాట ఇంకా చిత్రమైనది. ర, దీర్ఘం, మ అనే మూడు సంకేతాలను తిరగవేస్తే మ, దీర్ఘం, ర, అంటే "మార" వస్తుంది. వాల్మీకి కథ విన్న వారెవరైనా రావలసినది "మరా" అని చెప్పగలరు. ఇక్కడ తెర మీద వచ్చినది అర్థంలేని గుర్తులు కాక చక్కని తెలుగు మాటే కావడంతో తప్పును పట్టుకోవడం మరింత కష్టం. సీ భాషలో బైట్లనే తిరగవేస్తే ఇంకా అన్యాయం. మూడు బైట్ల క్రమం తలకిందులై, అది చెల్లుబాటయ్యే యూటీఎఫ్-8 కాకుండా పోతుంది.

తెలుగు సాహిత్యంలో ఇటువంటి రచనలకు ఎప్పుడూ అక్షరమే కొలత. నంది తిమ్మన పారిజాతాపహరణంలోని పాదభ్రమకం వంటి చిత్రకవిత్వాన్ని కంప్యూటరుతో సరిచూడాలంటే ముందుగా స్ట్రింగును అక్షరాలుగా విడదీయక తప్పదు.

అక్షరాలుగా విడదీయడం

దీనికి నియమం కష్టమైనది కాదు. అచ్చు వస్తే అది ఒక అక్షరానికి మొదలు. హల్లు వస్తే అదీ ఒక అక్షరానికి మొదలే. హల్లు తరువాత పొల్లు, దాని తరువాత మరో హల్లు వస్తే ఆ రెండవ హల్లును కొత్త అక్షరంగా కాక అదే అక్షరంలో చేర్చుకోవాలి. "స్త్రీ"లో వలె ఇది ఒకటికంటే ఎక్కువసార్లు జరగవచ్చు. ఆ తరువాత గుణింతపు గుర్తు ఉంటే దానిని, సున్న లేక విసర్గ ఉంటే దానినీ కలుపుకోవాలి. ఇలా వచ్చిన ముక్కలను ఒక జాబితాలో ఉంచి, జాబితాను తిరగవేసి మళ్ళీ కలిపితే "రామ" నుండి "మరా" వస్తుంది, వికటకవి వికటకవిగానే ఉంటుంది.

యూనికోడ్ ప్రమాణంలోనూ ఈ విభజనకు నియమాలు ఉన్నాయి. అయితే పాత నియమం పొల్లు దగ్గర ఆగిపోయేది. దాని ప్రకారం ఇబ్రహీంపట్నం ఇ, బ్, ర, హీం, ప, ట్, నం అని ఏడు ముక్కలు. ఆ ముక్కలతో "భద్ర"ను తిరగవేస్తే "ద్రభ"కు బదులు "రద్భ" వచ్చేది. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 సంచికలో తెలుగు, దేవనాగరి తదితర ఆరు భారతీయ లిపులకు సంయుక్తాక్షరాలను విడగొట్టరాదన్న నియమాన్ని చేర్చారు. కొత్త లెక్కలో ఇబ్రహీంపట్నం ఐదు అక్షరాలే. ప్రోగ్రాము వాడుకొనే గ్రంథాలయం ఏ సంచికను అనుసరిస్తున్నదన్న దానిని బట్టి ఇప్పటికీ 7 గాని 5 గాని రావచ్చు.

ఛందస్సుకు ఇది కూడా పూర్తిగా చాలదు. మాట చివర పొల్లు హల్లు వస్తే యూనికోడ్ దానిని విడి ముక్కగా లెక్కిస్తుంది. లాక్షణికులు దానిని ముందున్న అక్షరంలో కలిపి, ఆ అక్షరాన్ని గురువుగా లెక్కిస్తారు. పద్యపాదాలను గణవిభజన చేసే ప్రోగ్రాములు వ్రాసేవారు ఈ నియమాన్ని తామే చేర్చుకోవాలి.

తెగిపోయే పేర్లు

సమాచార నిధులలో ప్రతి గడికీ ఒక పొడవు నిర్ణయిస్తారు. పేరుకు 30 అని ఇంగ్లీషును దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినప్పుడు అది 30 బైట్లా, 30 సంకేతాలా అన్న ప్రశ్న రాదు, రెండూ ఒకటే కాబట్టి. తెలుగుకు అదే ముఖ్యమైన ప్రశ్న. ఒరాకిల్ నిధిలో ప్రత్యేకంగా పేర్కొనకపోతే ఈ సంఖ్యను బైట్లుగానే భావిస్తారు. యూటీఎఫ్-8 వాడే చోట 30 బైట్లలో పట్టేవి 10 తెలుగు సంకేతాలు. ఇబ్రహీంపట్నం అందులో పట్టదు. నిధి దానిని తిరస్కరిస్తే నయమే, దోషం తెలుస్తుంది. ప్రోగ్రాము ముందుగానే దానిని 30 బైట్ల దగ్గర కత్తిరించి పంపితే "ఇబ్రహీంపట్" అని మిగులుతుంది. 32 దగ్గర కత్తిరిస్తే పది సంకేతాలతో పాటు మూడింట రెండు వంతుల "న" మిగులుతుంది, దానిని ఏ ఫాంటూ చూపలేదు. అప్పుడు ప్రశ్నార్థకమో, ఖాళీ డబ్బానో కనిపిస్తుంది.

ధ్రువపత్రాలు, గుర్తింపు కార్డులు, భూమి పట్టాల వంటి వాటిలో ఇది అచ్చుతప్పుతో పోయేది కాదు. రెండు పత్రాలలో పేరు ఒకేలా లేకపోతే తిరగవలసినది ఆ పేరు గల మనిషే. గడి పొడవును సంకేతాలలో నిర్ణయించడం, కత్తిరించక తప్పనప్పుడు అక్షరం చివరనే కత్తిరించడం దీనికి తగిన జాగ్రత్తలు.

2018 నాటి సంఘటన

2018 ఫిబ్రవరిలో "ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపివేస్తున్నది" అన్న వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనుకు సందేశంలో "జ్ఞా" అన్న అక్షరం యొక్క ఒక రూపం వస్తే, దానిని చూపించబోయిన అనువర్తనం మూతపడేది, తిరిగి తెరిచినా మళ్ళీ మూతపడేది. యాపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దీనిని సరిదిద్దింది.

నిజానికి అది అక్షరం కాదు, ఐదు సంకేతాల స్ట్రింగు: జ, పొల్లు, ఞ, ఒక అదృశ్య సంకేతం, దీర్ఘం. మామూలుగా వ్రాసే "జ్ఞానం"లో ఆ నాలుగవ సంకేతం ఉండదు. లోపం తెలుగులో లేదు. ఆ వరుసను తెరపై అక్షరంగా పేర్చవలసిన సాఫ్ట్‌వేరులో ఉన్నది. బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ అటువంటి వరుసలకే అది లొంగిపోయింది. అయినా వార్తలలో తెలుగు అక్షరమే దోషిగా నిలిచింది.

రెండు స్ట్రింగులు ఒకటేనా?

పైన చెప్పిన అదృశ్య సంకేతం (8204) తెలుగు వ్రాతలో తరచుగా అవసరమయ్యేదే. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో "ట్" తరువాత దీనిని ఉంచకపోతే "సాఫ్ట్వేర్" అని "వ" వత్తుగా మారిపోతుంది. రెండు హల్లులు కలవకుండా అడ్డుపడటమే దాని పని, తనకంటూ ఏ రూపమూ లేదు. స్ట్రింగులను పోల్చేటప్పుడు మాత్రం దానికీ లెక్క ఉన్నది. మాట చివర అది అనవసరంగా చేరితే కంటికి ఏ తేడా తెలియదు, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు.

ఐత్వానిది మరో రకమైన చిక్కు. "బైటు"లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా వ్రాయవచ్చు, ఎత్వము, దాని కింద చేర్చే గుర్తు అని రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. తెలుగులో ఈ విధమైన ద్వంద్వ రూపం ఐత్వానికి మాత్రమే ఉన్నది. పోల్చడానికి ముందు రెండింటినీ ఒకే రూపంలోకి తేవడాన్ని సాధారణీకరణ అంటారు. అనేక భాషలలో ఇందుకు ప్రమేయాలు ఉన్నాయి.

వర్ణక్రమ భేదాలను సాధారణీకరణ సరిచేయదు. ఇబ్రహీంపట్నం, ఇబ్రహీంపట్నము, ఇబ్రహీంపట్టణం అనే మూడూ చదువరికి ఒక్క ఊరే, కంప్యూటరుకు మూడు స్ట్రింగులు. దీనికి విరుద్ధమైన సందర్భమూ ఉన్నది. రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రంతో పాటు, విజయవాడ సమీపంలో కొండపల్లి పక్కన 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఊరు పేరు కూడా ఇబ్రహీంపట్నమే. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, జగిత్యాల జిల్లాలో చేరిన మరో మండల కేంద్రానికీ అదే పేరు. పన్నెండు సంకేతాలూ అవే, వరుసా అదే. స్ట్రింగులను పోల్చే ప్రోగ్రాము ఈ మూడూ ఒకటే అంటుంది, తన లెక్కలో అది నిజమే. ఊళ్ళను వేరు చేయాలంటే పేరుతో పాటు జిల్లానో, పిన్‌కోడునో, ఒక ప్రత్యేక సంఖ్యనో జతచేయాలి. విజ్ఞాన సర్వస్వంలో ఇటువంటి ఊళ్ళ వ్యాసాల పేర్ల చివర జిల్లా పేరును కుండలీకరణాలలో చేర్చడం ఇందుకోసమే.